ఉప్పుగాలి పట్టిన మర

శనివారం రాత్రి లైటు ఆర్పాక వినిపించింది. టప్పు. కాసేపాగి మళ్ళీ టప్పు. లేచి వెళ్ళి చూస్తే కమోడ్ వెనక, ట్యాంకు అడుగున అరచేయంత మడుగు. వేలు పెడితే ఎర్రటి మరక అంటింది. ట్యాంకుని కమోడ్ మీద పట్టి ఉంచే రెండు బోల్టుల్లో ఎడమచేతి వైపుది కారుతోంది. లోపలి రబ్బరు వాషరు ఎండి పగిలి ఉంటుంది, కొత్తది వేస్తే సరిపోతుందనుకున్నాను. వాషరు ఖరీదెంతని, రెండు టీల డబ్బులు. ఆదివారం పొద్దున్నే కూర్చుంటే ఇడ్లీ చల్లారేలోపు అయిపోయే పని.

ఇడ్లీ చల్లారింది. ఎనిమిదిన్నరకి మా బాత్రూము గోడలోంచి నీళ్ళు ఎదురుగోడకి కొడుతున్నాయి.

బోల్టు జోలికి వెళ్ళేముందు ట్యాంకుకి నీళ్ళు ఆపాలి కదా అని గోడకున్న యాంగిల్ కాక్ కట్టబోయాను. పిడి తిరగలేదు. ఏళ్ళ తరబడి ఎవరూ ముట్టుకోని పిడి అది. పక్కింట్లో పైపు పానా అడిగి తెచ్చి, పిడికి అందక కాక్ ఒంటినే పట్టుకుని బలమంతా పెట్టి తిప్పాను. కదిలింది. హమ్మయ్య అనుకునేలోపే కాక్ ఊడి నా చేతిలోకి వచ్చేసింది. దాని మర మాత్రం తెగి గోడలోనే ఉండిపోయింది.

మాది విశాఖపట్నంలో గాజువాక దాటాక పెదగంట్యాడ వైపు ఒక అపార్ట్‌మెంటు. కింది అంతస్తులో ఉండే బాబాయిగారు ఉక్కు ఫ్యాక్టరీలో మెకానికల్ మెయింటెనెన్స్ చేసి రిటైరయ్యారు. నా కేక విని ఆయన మా ఇంట్లోకి రాలేదు, నేరుగా మేడమీదకి పరుగెత్తారు. గేటు వాల్వు కట్టేసి, దాని చక్రానికి ఎర్ర తువ్వాలు చుట్టి, అట్టముక్క మీద 'పని జరుగుతోంది, తిప్పకండి' అని రాసి వేలాడదీశారు. ఆ తర్వాతే మా గుమ్మంలోకి వచ్చి, "చెయ్యి తెగలేదు కదమ్మా?" అని అడిగారు. గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు పెట్టుకున్న బ్లాస్ట్ ఫర్నేసులున్న ఫ్యాక్టరీ అది. అలాంటి చోట ఒకరు యంత్రంలో చెయ్యి పెట్టినప్పుడు ఇంకొకరు తెలియక స్విచ్ వేస్తే ప్రాణమే పోతుంది. అందుకే ముందు ఆపడం, తాళం వేయడం, చీటీ కట్టడం. ఆ క్రమం ఆయన చేతుల్లో ఉండిపోయింది. నేను చేయాల్సిన మొదటి పని కూడా అదే. మేడమీద వాల్వు కట్టి ఉంటే కాక్ విరిగినా చెంబెడు నీళ్ళతో పోయేది.

ఆ కంగారులో ఫోన్ చేస్తే ఒక ప్లంబరు ఫొటో పంపమన్నాడు. చూసి, టైల్ పగలగొట్టాలి, లోపలి ఎల్బో మార్చాలి, ట్యాంకు బోల్టులు ఎలాగూ రావు గనక కమోడ్ సెట్టే కొత్తది వేసుకోండి అన్నాడు. ఆ తర్వాత మావయ్యకి చేశాను.

"నీల్లు కట్టీసేరా? అయితే ఇంకేటీ ముట్టుకోకమ్మీ. నానొచ్చీదాకా అలగే ఒగ్గీ."

ఏటి పట్టింది?

మావయ్య మల్కాపురం నుంచి వచ్చేసరికి పది దాటింది. షిప్‌యార్డులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. సంచి కింద పెట్టాడు గానీ విప్పలేదు. ప్లాస్టిక్ స్టూలు వేసుకుని, సెల్‌ఫోన్ లైటుతో ట్యాంకు కిందకి ఒంగి చూశాడు. నట్టు చుట్టూ వేలితో తడిమి, ఆ వేలిని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"ఈ బోల్టులు ఎప్పుడేసేరు?"

ఇంట్లో ఎవరికీ తెలీదు. ఫ్లాటు కట్టినప్పటివో, మధ్యలో ఎవరైనా మార్చారో చెప్పేవాళ్ళు లేరు.

"సరే. ఏటి పట్టిందో సూసేవా మరి?"

పట్టేసిందని చూశాను. ఏది పట్టిందన్న ప్రశ్న నాకు తట్టనే లేదు.

మన భాషలో ఈ ప్రశ్న ఎప్పటి నుంచో ఉంది. ఇనుముకి తుప్పు పడుతుంది. ఇత్తడికి చిలుము పడుతుంది. నీళ్ళు కాగే గిన్నెకి గార పడుతుంది. చివరికి నట్టు బోల్టుని పట్టేస్తుంది. అన్నిటికీ పట్టు అనే క్రియే, పట్టేది మాత్రం వేరు. దాన్నిబట్టే విడుపూ వేరు. తుప్పుకి చేసే వైద్యం గారకి పనిచేయదు. గారకి చేసే వైద్యం తుప్పు దగ్గర చేస్తే కొన్నిసార్లు ఉన్న ఇనుమూ పోతుంది.

మా ట్యాంకు బోల్టుని పట్టింది తుప్పు. ఈ ఊళ్ళో ఉప్పు సముద్రంలోనే ఉండిపోదు. కెరటం విరిగినప్పుడు లేచే తుంపర గాలిలో ఎండి, కంటికి ఆనని రేణువులై ఇళ్ళలోకి వస్తుంది. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు ఆ తేమని తనే పీల్చుకుని నీరైపోతుంది. అంటే వాన పడక్కర్లేదు, కుళాయి కారక్కర్లేదు; ఇనుము మీద సన్నని ఉప్పునీటి పొర దానంతటదే తయారవుతుంది. విశాఖలో ఏడాదిలో ఎక్కువ రాత్రులు తేమ ఆ గీత దాటే ఉంటుంది. స్నానాల గది సంగతి చెప్పక్కర్లేదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చి వెళ్ళాక మా వీధిలో కూలకుండా మిగిలిన చెట్ల ఆకులు కూడా మంట తగిలినట్టు మాడిపోయాయి. ఆ ఒక్కరోజు కంటికి కనిపించిన ఉప్పే మిగతా రోజుల్లో కనిపించకుండా కిటికీ ఊచల మీదా, గేటు కీళ్ళ మీదా, ఏసీ డబ్బాల మీదా పనిచేస్తూ ఉంటుంది. ఉక్కు పుట్టేదీ ఈ ఊళ్ళోనే, ఉక్కుని తినే గాలీ ఈ ఊరిదే.

తుప్పు తినడంతో ఆగదు, ఉబ్బుతుంది కూడా. ఇనుము తుప్పుగా మారితే ముందున్న చోటుకి రెండు నుంచి ఆరు రెట్లు ఆక్రమిస్తుంది. నట్టు మరకీ బోల్టు మరకీ మధ్య ఉండేది వెంట్రుక పట్టేంత సందు. అందులో ఇది ఉబ్బితే రాతి చీలికలో తడిసిన చెక్క మేకు ఉబ్బినట్టే. ఎంత బలంగా తిప్పితే అంతగా ఆ పొడి నలిగి ఇంకా బిగుస్తుంది.

గోడలో విరిగినదాని కథ వేరు. మావయ్య కాక్ ముక్కని వెలుతురులో పెట్టి విరిగిన అంచు చూపించాడు. పైన మెరిసే పూత, దాని కింద పసుపు పచ్చగా ఉండాల్సిన ఇత్తడి. అంచు మాత్రం గులాబీ కలిసిన రాగి రంగులో, ఇటుకపొడిలా ఉంది. ఇత్తడంటే రాగీ జింకూ కలిసిన లోహం. క్లోరిన్, ఉప్పు ఉన్న నీళ్ళు ఏళ్ళ తరబడి తగిలితే కొన్ని రకాల ఇత్తళ్ళలోంచి జింకు కరిగి వెళ్ళిపోతుంది. మిగిలేది బొరియలు పడిన రాగి. ఆకారం మారదు, పూత చెదరదు, లోపల సత్తువ ఉండదు. ఓడల అడుగున కావాలనే జింకు దిమ్మలు బిగిస్తారని మావయ్య చెప్పాడు. సముద్రపు నీరు ముందు జింకునే తింటుంది, ఓడ పొట్ట బతుకుతుంది. అరిగిన దిమ్మలు తీసేసి మళ్ళీ కొత్తవి బిగిస్తారు. అక్కడ కావాలని బలిచ్చే జింకే ఇక్కడ ఎవరికీ తెలియకుండా పోయింది. నేను తిప్పింది ఆ డొల్లనే.

ఇక కాక్ పిడి తిరగకపోవడానికి కారణం గార. బోరు నీళ్ళలో ఉండే సున్నం కుదురు దగ్గర పేరుకుని రాయి అవుతుంది. దీనికి నూనె ఎంత పోసినా ప్రయోజనం లేదు. వెనిగరో, నిమ్మరసమో, చింతపండు పులుసో గుడ్డకి తడిపి గంటసేపు చుట్టి ఉంచితే కరుగుతుంది. దీపావళికి ముందు ఇత్తడి కుందులు చింతపండుతో తోమే ఇంట్లో పుట్టినదాన్ని, నాకు ఇది కొత్త విద్యేం కాదు. గోడకున్న ఇత్తడి దగ్గర గుర్తురాలేదు, అంతే.

ఇంతలో మావయ్య కమోడ్ వెనక మూల నుంచి యాసిడ్ సీసా బయటికి లాగాడు. "ఉప్పుగాలి ఒక్కటే అనుకోకు. దీన్ని సగం తినీసింది ఇదీ."

ఇంటి శుభ్రం గురించి పట్టుదల ఉన్న ప్రతివాళ్ళూ వినాల్సిన మాట ఇది. కమోడ్ కడిగే ద్రావకాల్లో ఎక్కువ వాటిల్లో ఉండేది హైడ్రోక్లోరిక్ ఆమ్లం. పింగాణీని అది ఏమీ చేయదు. చిందిన చుక్కా, లేచిన పొగా మాత్రం పక్కనున్న బోల్టులని వదలవు. స్టెయిన్‌లెస్ స్టీలుకి కూడా దాని ఒంటిమీద ఉండే పల్చని రక్షణ పొరే దిక్కు. క్లోరైడు ఆ పొరని సూదితో పొడిచినట్టు పొడుస్తుంది. వారానికోసారి తళతళలాడేలా కడుగుతున్నామనుకుంటూ పదేళ్ళుగా నేను ఆ బోల్టుని కరిగిస్తూ వచ్చాను.

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పాలి. ఆ యాసిడ్‌నీ బ్లీచింగ్‌నీ ఎట్టి పరిస్థితుల్లోనూ కలపకూడదు. కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. అదేం చేస్తుందో చెప్పే కథ ఒక జలాంతర్గామిది. మన బీచ్ రోడ్డులో కురుసుర ఉంది కదా, 1969 డిసెంబర్ 18న నౌకాదళంలో చేరి, 2001 ఫిబ్రవరి 27న సెలవు తీసుకుని, మరుసటి ఏడాది ప్రదర్శనశాలగా మారిన జలాంతర్గామి. అందులోకి వెళ్ళిన ప్రతిసారీ పిల్లలు మంచాల కంటే ముందు ఆ ఇరుకు పాయిఖానానే అడిగి చూస్తారు. నీటి లోతున, బయటి ఒత్తిడికి ఎదురుగా మలినాన్ని తోయడం ఎంత కష్టమో అది చూస్తే తెలుస్తుంది. రెండో ప్రపంచయుద్ధం చివరి రోజుల్లో, 1945 ఏప్రిల్ 14న స్కాట్లాండ్ తీరం దగ్గర యు-1206 అనే జర్మన్ జలాంతర్గామి పోయింది ఈ పాయిఖానా వల్లే. లోతులో వాడుకునేలా కొత్తరకం పాయిఖానా పెట్టారు. దాని వాల్వులు తిప్పే క్రమం చిక్కుది. అక్కడ తేడా వచ్చి సముద్రపు నీరు లోపలికి దూసుకొచ్చి, కిందనున్న బ్యాటరీలని తాకింది. ఉప్పునీరూ బ్యాటరీ ఆమ్లమూ కలిసి క్లోరిన్ లేచింది. ఊపిరాడక పైకి తేలారు, తేలితే శత్రు విమానాల కంటబడ్డారు, చివరికి తమ ఓడని తామే ముంచుకున్నారు. కిటికీ మూసిన నాలుగడుగుల బాత్రూములో ఒక సీసా మీద ఇంకో సీసా ఒంపితే పుట్టేదీ ఆ విషవాయువే.

నూనె నానే వేళ

మావయ్య సంచిలోంచి చిన్న సీసా తీశాడు. డీజిల్లో కాస్త ఇంజనాయిలు కలిపి పెట్టుకున్నాడు. ముందు పాత టూత్‌బ్రష్‌తో నట్టు చుట్టూ ఉన్న తుప్పు పొక్కులు రాల్చాడు. ఆ తర్వాత సిరంజితో మర మొదట్లో నాలుగు చుక్కలు వేసి, స్పానర్ పిడితో నట్టు పక్కన టిక్, టిక్ అని తట్టాడు. తలుపు తట్టినంత మెల్లగా. మళ్ళీ నాలుగు చుక్కలు. చేతులు తుడుచుకుని లేచాడు.

"ఇంకేటి?" అన్నాను.

"ఇంకేటీ లేదు. నాననీ. అన్నం తిన్నాక సూద్దాం."

దీపం వత్తిలో నూనె పైకి పాకినట్టే, ఇరుకు సందులోకి నూనె తనంతట తనే పాకుతుంది. సందు ఎంత సన్నమైతే అంత లోతుకి పోతుంది. కానీ దానికి సమయం కావాలి. మెల్లగా తట్టడం ఎందుకంటే తుప్పు పొరలో సన్నటి పగుళ్ళు పడి, నూనెకి దారి దొరుకుతుంది. ఈ పనికి షాపుల్లో దొరికే డబ్ల్యూడీ-40 స్ప్రే చరిత్రా అలాంటిదే. 1953లో అమెరికాలోని శాన్‌డియాగోలో అట్లాస్ క్షిపణి తొడుగుకి తుప్పు పట్టకుండా నీటిని తరిమే మందు కోసం వెతికారు. పేరులోని 40 అంటే నలభయ్యో ప్రయత్నంలో కుదిరిందని. ముప్పై తొమ్మిది సార్లు కుదరలేదన్నమాట. ఏది వాడినా ఆ పక్కన నిప్పు వద్దు.

నిప్పు మాటెత్తితే మావయ్య ముఖం వెలిగింది. షిప్‌యార్డులో పట్టేసిన నట్టుకి మొదటి మందు వేడే. గ్యాస్ మంటతో నట్టుని ఎర్రగా కాలిస్తే అది వ్యాకోచిస్తుంది, లోపలి బోల్టు ఇంకా వేడెక్కకముందే తిప్పేయాలి. ఇత్తడి నట్టు అయితే మరీ సులువు, ఉక్కు కంటే ఇత్తడి ఒకటిన్నర రెట్లు ఎక్కువ వ్యాకోచిస్తుంది. "ఇక్కడ మాత్రం మంట పెట్టకు. పింగాణీ పెటేల్మంటాది," అన్నాడు. గోడలో సీపీవీసీ పైపు ఉంటే అదీ మెత్తబడిపోతుంది. బాత్రూములో వేడి అంటే మరిగిన నీళ్ళలో ముంచి పిండిన గుడ్డ, అదీ లోహపు ముక్కకి మాత్రమే.

అన్నాల దగ్గర షిప్‌యార్డు కబుర్లే. 1941 జూన్ 21న బాబూ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేశారు. అప్పుడది సింధియా కంపెనీది. 1948 మార్చి 14న నెహ్రూ చేతుల మీదుగా జలఉష అనే ఓడ నీళ్ళలోకి దిగింది. 1952లో హిందుస్థాన్ షిప్‌యార్డు అయింది. కంపెనీ పేరు మారినా సింధియా అన్న పేరు ఆ పేటకి నిలిచిపోయింది, ఇప్పటికీ ఆటోవాళ్ళు కేకేసేది అదే. మావయ్య చేరింది చాలా ఏళ్ళ తర్వాత. కంచరపాలెం ఐటీఐలో రెండేళ్ళ ఫిట్టరు కోర్సు. మొదటి నెలలన్నీ ఆకురాయి పట్టుకుని ఇనుప దిమ్మని చదును చేయడమేనట. ఎండలో రేకుల షెడ్డు కింద, మట్టం పెట్టి చూస్తే సందులోంచి వెలుతురు కనిపించకూడదు. కనిపిస్తే మళ్ళీ మొదటినుంచి. ఆ రెండేళ్ళలో చేతికి వచ్చింది లోహం ఎక్కడ ఒప్పుకుంటుందో, ఎక్కడ మొరాయిస్తుందో తెలిసే ఒడుపు.

ఆ మాట విన్నాకే పొద్దున్న ఫోన్‌లో మాట్లాడిన ప్లంబరు మీద నా కోపం పోయింది. నట్టు మీద నాలుగు చుక్కలు వేసి రెండు గంటలు కూర్చుంటే అతనికి కూలి ఎవరిస్తారు? మనం పనికి డబ్బిస్తాం, ఆగడానికి ఇవ్వం. అతను గోడకి ఆనుకుని కూర్చుంటే 'ఖాళీగా ఉన్నాడు' అంటాం. అందుకని అతను సుత్తి తీస్తాడు. టైలు పగులుతుంది, బాగున్న కమోడ్ చెత్తబండి ఎక్కుతుంది. ఒక్క బోల్టు పట్టేసినందుకు యాభై ఏళ్ళు మన్నే పింగాణీని పారేయడం నాకు అన్యాయంగా తోస్తుంది. ఆ నష్టంలో సగం మన తొందరదే.

తొందర ఖరీదు ఇంకొంచెం కిందకి వెళితే ప్రాణం. అడ్డుపడింది ట్యాంకులోనో కమోడ్ మెడలోనో కాక బయట చాంబర్లోనో, సెప్టిక్ ట్యాంకులోనో అయితే మనిషిని దింపే అలవాటు ఈ దేశంలో ఇంకా చావలేదు. అక్కడుండే హైడ్రోజన్ సల్ఫైడు మొదట కుళ్ళిన గుడ్డు వాసన వేస్తుంది, మోతాదు పెరిగితే ముక్కుకి వాసనే తెలియకుండా చేసి పడగొడుతుంది. వాసన పోయింది కదా అని దిగిన మనిషి మళ్ళీ పైకి రాడు. చేతులతో మలం ఎత్తే పనిని నిషేధించిన 2013 చట్టం ప్రకారం రక్షణ ఏర్పాట్లు లేకుండా మురుగులోకి ఎవరినీ దింపకూడదు. అలా పోయిన ప్రాణానికి పరిహారం 30 లక్షలకు తగ్గకూడదని 2023 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. కోలారు బంగారు గనుల ఊళ్ళో తెలుగు కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్, ఆ పనిని రూపుమాపడానికి జీవితమంతా పెట్టినందుకు 2016లో రామన్ మెగసెసే అవార్డు అందుకున్నారు. మా తాతల కాలంలో ఈ పనికి పెరటి వెనక ఒక చిన్న తలుపు ఉండేది, ఆ తలుపులోంచి వచ్చే మనిషి ముఖం ఇంట్లో ఎవరికీ తెలిసేది కాదు. ఆ తలుపు పోయింది. సెప్టిక్ ట్యాంకు మూత దగ్గర మాత్రం ఆ మనిషే నిలబడి ఉన్నాడు. 14420కి ఫోన్ చేస్తే ట్యాంకు ఖాళీచేసే బండి గురించి చెబుతారు. ఆ బండి సాయంత్రానికి వస్తానంటే సాయంత్రం దాకా ఆగాలి.

విప్పే ముందు బిగించాల

రెండున్నరకి మావయ్య మళ్ళీ స్టూలెక్కాడు. ట్యాంకులో నీళ్ళు అప్పటికే ఫ్లష్ చేసి, అడుగున మిగిలినవి స్పాంజితో పిండేశాం. నా పని పైన. ట్యాంకు లోపల బోల్టు తల గాటులో పెద్ద స్క్రూడ్రైవర్ పెట్టి కదలకుండా పట్టుకోవడం. మావయ్య కింద నట్టుకి స్పానర్ తగిలించాడు. గుడ్డ చుట్టిన స్పానర్, పింగాణీకి తగిలినా గీత పడకుండా.

"ముందు బిగించాల," అన్నాడు.

విప్పాల్సినదాన్ని బిగించడమేమిటని నాకు అనుమానం. వెంట్రుకవాసి బిగించాడు. కర్ మని చిన్న చప్పుడు. విప్పే దిక్కులో ఏళ్ళుగా పేరుకున్న తుప్పు గోడలా అడ్డం ఉంటుంది. బిగించే దిక్కులో కొద్దిగా కదిపితే ఆ గోడ పగులుతుంది. ఆ వెంటనే విప్పే వైపు పావు చుట్టు. మళ్ళీ వెనక్కి. రెండు చుక్కల నూనె. మళ్ళీ ముందుకి కాస్త ఎక్కువ. ఊయల ఊపినట్టు అటూ ఇటూ. నూనె ఎర్రగా, బురదలా కారడం మొదలైంది. కుడివైపు నట్టు పావుగంటలో చేతికి వచ్చింది.

చాలామంది ఇక్కడ తికమకపడి, విప్పబోయి బిగిస్తారు. నట్టు కింద ఉంటుంది, మనం పైనుంచి చెయ్యి పోనిచ్చి తిప్పుతాం. కిందనుంచి నట్టు ముఖం చూస్తే గడియారం ముళ్ళకి ఎదురుగా తిప్పాలి. అదే పైనుంచి చూసేవాళ్ళకి ముళ్ళు తిరిగే వైపుగా కనిపిస్తుంది. మొదలుపెట్టే ముందు ఒకసారి తల కిందకి వంచి చూసుకోవడం మంచిది.

ఎడమవైపుది, అసలు కారుతున్నది, రాలేదు. మూడుసార్లు నానబెట్టాం. నట్టు అంచులు గుండ్రంగా అరిగిపోయి స్పానర్ జారడం మొదలుపెట్టింది. నేనైతే సుత్తి కోసం చూసేదాన్ని. మావయ్య స్పానర్ పక్కన పెట్టి, హాక్సా బ్లేడు తీసి, ఒక చివర గుడ్డ చుట్టి పిడి చేసుకున్నాడు. ట్యాంకుకీ కమోడ్‌కీ మధ్య రబ్బరు ఉన్నచోట బ్లేడు దూరేంత సందు ఉంటుంది. పైనా కిందా పాత కేలండర్ అట్ట ముక్కలు దోపి, వాటి మధ్య బ్లేడు ఆడించాడు. బ్లేడు పొడవంతా వాడుతూ, ఊపిరి తీసినంత నిదానంగా. మధ్యమధ్యలో నూనె. ఇరవై నిమిషాలకి బోల్టు రెండు ముక్కలైంది. పింగాణీ మీద గీత లేదు.

ఇది ఓటమి అని నేననుకోలేదు. ఏది పోయినా ఫర్వాలేదో, ఏది పోకూడదో ముందే తేల్చుకున్న మనిషి నిర్ణయం అది. బోల్టు పోవచ్చు, ట్యాంకు పోకూడదు. పింగాణీ ఎంత బరువైనా మోస్తుంది గానీ లాగుడునీ వంపునీ భరించలేదు. సుత్తి దెబ్బకి అప్పుడే పగలకపోయినా వెంట్రుక మందం చీలిక పడి, ఆర్నెల్ల తర్వాత ఏ అర్ధరాత్రో ట్యాంకెడు నీళ్ళూ నేలపాలవుతాయి.

గోడలో ముక్క అన్నిటికంటే నాజూకు పని. ఇప్పటి ఇళ్ళల్లో గోడలోపల ప్లాస్టిక్ ఎల్బో ఉంటుంది, దాని నోట్లో ఇత్తడి మర పొదిగి ఉంటుంది. విరిగిన ముక్కని మొరటుగా తిప్పితే ముక్కకి బదులు ఆ పొదిగిన ఇత్తడే ప్లాస్టిక్‌లోంచి ఊడి తిరుగుతుంది. అప్పుడు గోడ పగలగొట్టక తప్పదు. మావయ్య ముక్క లోపలి అంచుకి బ్లేడు ముక్కతో రెండు గాట్లు పెట్టాడు, పక్కపక్కన, లోపలి మర దాకా పోకుండా. ప్రతి పది లాగుళ్ళకీ ఆపి లైటు వేసి చూశాడు. ఆ రెండు గాట్ల మధ్య పలుకుని సన్నని స్క్రూడ్రైవర్‌తో లోపలికి వంచితే ముక్క పట్టు వదిలి కుంచించుకుంది. శ్రావణంతో పట్టుకుని మూడు చుట్లు తిప్పాడు. వచ్చేసింది. ముక్క లోపల గుండ్రంగా, గట్టిగా ఉండి ఉంటే ఎడమ చుట్టు ఎక్స్‌ట్రాక్టర్ వాడేవాణ్ణన్నాడు. తిప్పేకొద్దీ లోపలికి కరుచుకుంటూ, విప్పే దిక్కులోనే లాక్కొచ్చే పనిముట్టు అది. డొల్లపడిన ఇత్తడి దానికి ఆగదు, పొడి అయిపోతుంది.

సాయంత్రం గాజువాకలో హార్డ్‌వేరు షాపుకి వెళ్ళాం. షాపబ్బాయి మెరిసే పూత బోల్టులు చూపించాడు. మావయ్య జేబులోంచి అయస్కాంతం తీసి అంటించాడు. ఠక్కున అంటుకుంది: లోపల మామూలు ఇనుము, పైన పూత. వద్దన్నాడు. సముద్రం పక్కన ఊళ్ళో 316 రకం స్టెయిన్‌లెస్ అడగాలట. మామూలుగా దొరికే 304లో లేని మాలిబ్డినం అందులో రెండు మూడు శాతం ఉంటుంది, ఉప్పుకి అది ఓర్చుకుంటుంది. అయస్కాంతం 304కీ 316కీ తేడా చెప్పదు, కాబట్టి అది రాసి ఉన్న ప్యాకెట్టే తీసుకోవాలి. అది దొరక్కపోతే గట్టి ఇత్తడి బోల్టులు.

కొత్త యాంగిల్ కాక్ గోడకి అతికినట్టు ఎక్కినప్పుడు నాకు ఆశ్చర్యం వేసింది. ఎవరో ఎక్కడో చేసిన ఎల్బో, ఇంకెవరో ఇంకెక్కడో చేసిన కాక్. 1841లో జోసెఫ్ విట్‌వర్త్ అనే ఇంగ్లిష్ ఇంజినీరు మరలన్నిటికీ ఒకే లెక్క ఉండాలని 55 డిగ్రీల కోణం నిర్ణయించే దాకా ఒక కార్ఖానా నట్టు ఇంకో కార్ఖానా బోల్టుకి పట్టేది కాదు. మన బాత్రూముల్లో ఉన్నది ఆ వంశపు మరే: అంగుళానికి 14 చుట్లు. పేరుకి అరంగుళమైనా కొలిస్తే దాదాపు 21 మిల్లీమీటర్లు ఉంటుంది. ఆ అరంగుళం అన్నది పాతకాలపు పైపు లోపలి బోలు కొలత.

ట్యాంకు ఎక్కించేటప్పుడు మావయ్య ఒక్కో బోల్టునీ చేతి బిగువు దాకా తిప్పి, ఆ తర్వాత అటు పావు చుట్టు, ఇటు పావు చుట్టు వేశాడు. ట్యాంకు ఒరగకుండా మట్టంగా దిగింది. మరల మీద కొద్దిగా గ్రీజు రాశాడు. స్టెయిన్‌లెస్ మీద స్టెయిన్‌లెస్ పొడిగా రాసుకుంటే తుప్పు లేకుండానే అతుక్కుపోతుందట. టెఫ్లాన్ టేపు కాక్ మరకి బిగించే దిక్కులోనే చుట్టాడు. ఎదురు చుడితే బిగించేటప్పుడు ఊడి నలిగిపోతుంది. కాక్ పిడిని రెండు నెలలకోసారి ఊరికే కట్టి, విప్పమన్నాడు, గార కూర్చోకుండా.

బాబాయిగారు మేడమీదకి వెళ్ళి చీటీ తీసి, వాల్వు సగమే తిప్పారు. పైపులో గాలి బుసకొట్టి ట్యాంకు నిండింది. నీళ్ళలో నాలుగు చుక్కల నీలిమందు వేసి ఇరవై నిమిషాలు కూర్చున్నాం. కమోడ్‌లో నీలం కనిపించలేదు, అంటే లోపలి వాల్వు కూడా బాగానే ఉంది. నేల మీద పరిచిన వార్తాపత్రిక పొడిగా ఉంది. అప్పుడు మావయ్య ట్యాంకు మూత తీసి బోర్లించి, లోపలివైపు గుడ్డతో తుడిచి, మార్కర్ పెన్ను నా చేతికిచ్చాడు.

"తేదీ రాయి. బోల్టు ఏ రకమో కూడా రాయి."

రాశాను. సిరా ఆరేదాకా మూతని తొడ మీద పట్టుకుని కూర్చున్నాడు.